తీతువు కూత

చెరువు గట్టు మీద గుడ్లు పొదుగుతున్న తీతువు పిట్టకి పనల్లా ఆకాశాన్ని చూడటమే. మధ్యాహ్నమైతే వేడిగాలి మీద గద్ద రెక్కాడించకుండా, చడీచప్పుడూ లేకుండా గిరికీలు కొట్టేది. అదే వేళకి పిల్లలకి చేపలు మోసుకుంటూ గూడబాతుల గుంపు సూటిగా దూసుకొచ్చేది. అవి గుద్దుకోబోయే ప్రతిసారీ తీతువు గొంతు చించుకుని అరిచేది. ఉలిక్కిపడి తప్పుకునేవి.

"చుట్టూ కాస్త చూసుకోరాదా అక్కా?" అని ఒకనాడు గద్దని అడిగింది.

"గాలి ఎటు తిప్పితే అటు తిరిగేదాన్ని. ఆ గుంపే చూసుకోవాలి," అంది గద్ద.

"మాది తాతలనాటి దారి," అంది గూడబాతుల పెద్ద. "ఇంత బరువుతో పక్కకి తిరగ్గలమా? గద్దే తప్పుకోవాలి. అయినా నీది చావుకూత. పిల్లలున్నవాళ్ళం, మా దగ్గర అరవకు."

తీతువు అరవకూడదు: గద్దకీ, గూడబాతుల పెద్దకీ కుదిరింది ఆ ఒక్క మాటే. మళ్ళీ అరిస్తే గుడ్లు చితక్కొడతామన్నారు.

మర్నాడు అవి ఎదురెదురుగా వస్తుంటే తీతువు గుడ్ల మీద ఒదిగి, ముక్కు బిగించి కూర్చుంది.

పైన దబ్బుమని చప్పుడైంది. గద్దా, గూడబాతుల పెద్దా గట్టు మీద పడి మళ్ళీ కదల్లేదు. అప్పుడిక ఆపుకోలేక తీతువు అరిచింది.

"విన్నారా? అది కూసింది, చావొచ్చింది," అంటూ మిగతా గూడబాతులు కిందికి దిగి, గుడ్ల వైపు నడిచాయి.