చివరగా విన్నది

"ఫోను గిన్నెలో పెట్టు తమ్ముడూ. ఇవాళ నీ వంతు," అంది పెద్దక్క.

మూగనోము జేబులోంచి ఫోను తీశాడు.

అది పళ్ళ సెట్లు తయారుచేసే లేబు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసేది బాబాయి. మైనంలో పళ్ళు వరసగా నిలబెట్టేది ఈ కుర్రాడు. నోరు విప్పడు కాబట్టి మూగనోము అయ్యాడు. మెరుగు పెట్టేది పాలిష్ పిల్ల. అందరి మీదా పెత్తనం పెద్దక్కది.

శనివారం మధ్యాహ్నం మిషన్లు ఆపి బల్లలు కడిగేటప్పుడు, ఎవరో ఒకరి ఫోను స్పీకరుకు కలపాలి. పాట ఏరుకోవడానికి వీల్లేదు. ఫోను తీసుకెళ్ళి ఖాళీ ప్లాస్టర్ గిన్నెలో పెట్టి, స్పీకరు బొత్తాం నొక్కడమే. ఆ ఫోనులో చివరగా ఏది విన్నారో అదే మళ్ళీ మొదటినుంచి మోగుతుంది. మధ్యలో ఆపకూడదు. ఈ మధ్య ఎవరేం వింటున్నారో ఉన్నదున్నట్టు బయటపడాలని పెద్దక్క పెట్టిన రూలు.

"ఏం వింటున్నావురా ఈ మధ్య?" అడిగాడు బాబాయి.

"వీణ," అన్నాడు మూగనోము.

"భలే! ఆ తర్వాత?" అంది పెద్దక్క. అది ఆవిడ ఊతపదం. ఎవరేం చెప్పినా కళ్ళు పెద్దవి చేసి అదే అంటుంది. దాంతో ఎదుటివాడు కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. ఆ మాటకారితనంలో పదో వంతు తనకుంటే చాలని మూగనోము ఎన్నోసార్లు అనుకున్నాడు.

"తర్వాత... అంతే. వీణే," అన్నాడు.

పొద్దున బస్సులో నిజంగానే వీణ పెట్టి సిద్ధం చేసుకున్నాడు. బొత్తాం మీద పాలిష్ పిల్ల వేలు పడ్డాక గానీ గుర్తుకురాలేదు, ఇందాక భయం పట్టుకుని, బాత్రూములో దూరి, ధైర్యం కోసం ఇంకోటి విన్నానని.

"నమస్కారం!" అంది స్పీకరు, తేనె పూసిన మగగొంతుతో. "నలుగురితో కలిసిపోవడం ఎలా? ఏడో పాఠం."

బాబాయి ఫక్కున నవ్వాడు. "వీణ బాగా మాట్లాడుతోందిరోయ్!"

"మాట ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదా? ఎదుటివారి వస్తువు ఏదైనా మెచ్చుకోండి. గొడుగో, సంచీయో. ఎక్కడ కొన్నారని అడగండి."

పాలిష్ పిల్ల కొక్కేనికి వేలాడుతున్న తన సంచీ వంక చూసింది. సోమవారం మూగనోము ఆ సంచీని మెచ్చుకున్నాడు. ఎక్కడ కొన్నావని కూడా అడిగాడు.

"వారి ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం వాకబు చేయండి. నొప్పి ఎక్కడో గుర్తుపెట్టుకుని మర్నాడు మళ్ళీ అడగండి."

బాబాయి నవ్వు ఆగిపోయింది. బల్ల మీద స్పాంజి కూడా ఆగింది. "మోకాలు," అన్నాడు తనలో తనే.

మూగనోము గిన్నె వైపు చెయ్యి చాపాడు. పాలిష్ పిల్ల అడ్డం నిలబడింది.

"ఆపకూడదు. రూలు."

రోజూ అన్నయ్యా అని పిలిచే పిల్ల ఆ పిలుపు మింగేసింది.

"నిజంగానే బాగుంది సంచీ," అన్నాడు మూగనోము.

"అది కూడా పాఠంలో ఉందా?"

మూగనోము సిగ్గుతో చచ్చిపోయాడు. నాలుగు నెలలు గోడ వైపు తిరిగి ఒంటరిగా డబ్బాలో అన్నం తిన్నవాడు, ఈ వారమే నలుగురిలో కూర్చున్నాడు. మంగళవారం నాడు బాబాయి తనంతట తను కుర్చీ జరిపి "ఇటు రారా" అన్నాడు. ఎల్లుండి నుంచి మళ్ళీ ఆ గోడే గతి. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చేతికంటిన మైనం గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"మీ పిన్నికి కూడా చెప్పాన్రా," అన్నాడు బాబాయి. కోపంగా అన్నా బాగుండేది. "మా లేబులో కుర్రాడు నీ మోకాలు గురించి రెండ్రోజులు వరసగా అడిగాడే అని. ఎంత సంబరపడిందో."

"బాబాయ్, నేను ఊరికే అడగలేదు. నాకు మాట్లాడటం రాదు. అందుకని..." ఏడు పాఠాలు విన్నా ఆ తర్వాత ఏమనాలో తోచలేదు.

పెద్దక్క మాత్రం తుడిచిన బల్లనే తుడుస్తోంది.

"మీరు పనిచేసే చోట," అంది స్పీకరు, "వారానికి ఒకరోజు, ఈ మధ్య ఏం పాటలు వింటున్నారో అందరూ పంచుకునే ఆనవాయితీ పెట్టండి. సరదాగా ఒక రూలు కూడా పెట్టండి."

బాబాయి తలెత్తాడు. ఎప్పుడూ పాఠం సగంలోనే ఆపేసి సాధనకు దిగే మూగనోముకూ ఇది కొత్తే. పాలిష్ పిల్ల గిన్నె వంక, స్పీకరు వంక మార్చి మార్చి చూసింది.

"ఆఖరి కిటుకు. ఎదుటివారు ఏం చెప్పినా, కళ్ళు పెద్దవి చేసి, 'భలే! ఆ తర్వాత?' అనండి."

ముగ్గురూ ఒక్కసారే పెద్దక్క వైపు తిరిగారు. ఆవిడ చెవుల దాకా ఎర్రబడిపోయింది. తడిచేతులతోనే పరుగున వచ్చి, గిన్నెలోంచి ఫోను లాక్కుని, మూగనోము చేతిలో పెట్టింది.

"ఆపెయ్ తమ్ముడూ," అంది తల దించుకుని, "ఎనిమిదో పాఠం నేనింకా వీళ్ళ మీద వాడలేదు."