సామాన్ల గదికి కిటికీ

మేస్త్రి మా స్థలంలో సున్నం పొడితో గదుల గీతలు గీసి టీకి వెళ్లాడు. గోడలు ఇంకా లేవలేదు గానీ నాకప్పుడే ఇల్లంతా కనిపించేసింది.

మా ఆయనకి మాత్రం ఏమీ కనిపించలేదు. వంటింట్లోంచి తిన్నగా హాల్లోకి నడిచేశాడు.

"అయ్యో, గోడలోంచి వస్తారేంటండీ! గుమ్మం అటుంది."

"లేని గోడకి తల కొట్టుకోమంటావా?" అంటూ ఈసారి ఏకంగా స్నానాల గదిలోకి దూరాడు.

"లోపల నేను నీళ్లు పోసుకుంటుంటేనో?" అన్నాను. పకపకా నవ్వాడు. ఎన్నాళ్లకో నవ్వాడు.

అంతలో వెనక మూలన, తూర్పు వైపు కిటికీ గుర్తు పెట్టిన చిన్న గది ఆయన కంటబడింది. "మనిద్దరికీ ఒక్క పడగ్గది చాలనుకున్నాం కదే. మరిదేంటి?"

"సామాన్ల గది."

"సామాన్ల గదికి తూర్పు కిటికీనా? విరిగిన కుర్చీలు లేచి పొద్దుపొడుపు చూస్తాయా?"

ఆ గది చెరిపెయ్యమంటాడేమోనని భయపడ్డాను.

ఆయన సున్నం గీత దాటబోయి ఆగిపోయాడు. చుట్టూ తిరిగి, గుమ్మానికని వదిలిన ఖాళీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గాల్లోనే రెండుసార్లు తలుపు కొట్టాడు.

మా అమ్మాయి బతికున్నన్నాళ్లూ వాళ్లిద్దరికీ ఇదే పేచీ. తలుపు కొట్టకుండా నా గదిలోకి వచ్చేస్తావేంటి నాన్నా అని.

"రావచ్చా తల్లీ?" అన్నాడు.

కాసేపటికి, టీ తాగొస్తున్న మేస్త్రిని కేకేశాడు.

"ఇదిగో మేస్త్రీ, ఈ సామాన్ల గదికి కిటికీ ఇంకాస్త పెద్దది పెట్టు."