ఎండదే తప్పు

ఎనిమిదో ప్యానెల్‌ను టెంపోలో పడుకోబెట్టి, పైన వేరుశనగ గోనెలు కప్పేసరికి ఢిల్లీబాబు చొక్కా తడిసి ముద్దయింది. ఆదివారం, మిల్లుకు సెలవు. మే నెల మధ్యాహ్నం పాకాల వీధుల్లో కుక్క కూడా తిరగదు. దొంగతనానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ పంచాంగంలోనూ దొరకదు.

వసంతమ్మ నూనె మిల్లు మిద్దె మీద నలభై సోలార్ ప్యానెళ్లు బిగించారు. వాటి ఆలనాపాలనా చూసే ఉద్యోగం ఢిల్లీబాబుది. పాపం, బాగానే చూశాడు. ఏర్పేడు వైపు బోరు మోటార్లున్న రైతులకు ఒక్కొక్కటిగా అప్పగించాడు. మిద్దె తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది. పైకి వెళ్తే షాక్ కొడుతుందని కూలీలను ముందే బెదరగొట్టాడు. వసంతమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ సామెత తన కోసమే పుట్టిందని అతని నమ్మకం.

మిల్లుకు కరెంటు చాలడం లేదని వసంతమ్మ ఒకరోజు అడగనే అడిగింది.

"ఎండదే తప్పమ్మా," అన్నాడు ఢిల్లీబాబు. "ప్యానెల్‌కు వెలుతురు గావాల గానీ వేడి పనికిరాదు. ఇరవై ఐదు డిగ్రీలు దాటితే ఒక్కో డిగ్రీకీ ఇంతింత కరెంటు తగ్గిపోతాది. ఇప్పుడు పైన ఆ అద్దం మీద దోసె పోయొచ్చు."

"ఎండతో బతికేది ఎండకే నీరసపడతాదా? పోయినేడు గూడా ఎండలు కాసినాయి గదప్పా?"

"ఈ యేడు ఎక్కువమ్మా. ఇదంతా సైన్సు."

వేడికి కరెంటు తగ్గే మాట అబద్ధం కాదు. అదే అతని ధీమా. నిజం వెనక దాక్కున్న దొంగను ఎవరు వెతుకుతారు? ఎండ కొంచెం తింటుంది, మిగతాది ఢిల్లీబాబు తిని ఎండ మూతికి పూశాడు.

వసంతమ్మ దిగులుపడింది. "ఇట్లయితే మిల్లు ఒక పూటే తిప్పాల. తిరుమలమ్మను మానిపించాల్సి వస్తాదేమో. పన్నెండేండ్ల నుంచి ఈడే పని జేస్తా ఉండాది."

"ఏం జేస్తామమ్మా, ఎండకు జాలి ఉండదు గదా," అని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పుకైనా సిగ్గుండాలి.

వానలు పడ్డాయి. దసరా వచ్చేసరికి ఊరు చల్లబడింది, ఆకాశం తేటపడి చక్కటి ఎండ కాసింది. కరెంటు మాత్రం పెరగలేదు.

"వేడి తగ్గింది గదప్పా, ఇంకా ఏల పెరగలేదు?" అంది వసంతమ్మ.

ఢిల్లీబాబు తడబడ్డాడు. "ప్యానెళ్లు పైపైన చల్లబడినాయమ్మా. లోపలి జ్వరం ఇంకా దిగలేదు. టైఫాయిడ్ మాదిరి."

అబద్ధమాడినా అతికినట్టుండాలి. ఇది అతకలేదని అతనికీ తెలుసు. అయినా వసంతమ్మ "అట్లనా" అని తలూపి ఊరుకుంది. ఎంత అమాయకురాలో! నవ్వాపుకోలేక అతను మిల్లు వెనక్కి వెళ్లి నవ్వుకుని వచ్చాడు.

ఆయుధపూజ నాడు మిల్లులో యంత్రాల నుంచి తక్కెడ దాకా అన్నిటికీ బొట్లు పెట్టారు. పోయినేడు లాగే ప్యానెళ్లకు తలా ఒక చేమంతి దండ కట్టాలి. గుడ్డ కప్పిన బుట్టను వసంతమ్మే తెచ్చి అతని చేతికిచ్చింది.

"ఒక్కటి గూడా ఒట్టిగా ఉండకూడదప్పా. అరిష్టం."

ఎనిమిది దండలు మిగులుతాయని ఢిల్లీబాబుకు ముందే తెలుసు. వాటిని దాచడానికి జేబులో ప్లాస్టిక్ సంచి పెట్టుకునే మెట్లెక్కాడు. ముందుచూపంటే అదీ.

ఒక్కో దండా కడుతూ పోయాడు. కింద పూజారి గంట మొదలుపెట్టాడు, హారతికి వేళవుతోంది. చేతులు ఉరుకులు పెట్టాయి. చూస్తుండగానే బుట్ట ఖాళీ అయింది. ఒక్క దండా మిగల్లేదు, సంచితో పనే పడలేదు! దేవుడు తన పక్షానే ఉన్నాడని చెంపలు వేసుకున్నాడు.

అప్పుడు కనిపించాయి, చివరి వరసలో పూలు లేని ప్యానెళ్లు రెండు. దొంగతనం వేరు, భక్తి వేరు. పోయినేడు నిచ్చెనకు బొట్టు పెట్టడం మరిచి, నెల తిరక్కుండా దాని మీది నుంచే పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ ఆ తప్పు చేస్తాడా? రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరుగెత్తాడు.

"అమ్మా, హారతి అయ్యేలోగా బిన్నా ఇంకో రెండు దండలియ్యి! రెండు తక్కువైనాయి!"

వసంతమ్మ హారతి పళ్లెం తిరుమలమ్మ చేతికిచ్చి, అతని మొహంలోకి తేరిపార చూసింది.

"నలభై ప్యానెళ్లకు నేనిచ్చింది ముప్పై దండలే గదప్పా. పది తక్కువ గావాల్సింది, రెండెట్లైనాయి?"