1874 నాటి తాళం

స్నానాల గది తలుపు తెరుచుకోలేదు. లోపల హారిస్ ఉన్నాడు. బయట ఇంటావిడ హిల్డా, గుడ్లు వేయిస్తున్న పెనం చేత్తో పట్టుకునే నిలబడి ఉంది.

"తాళంచెవి తిరగడం లేదండీ," అన్నాడు హారిస్ లోపల్నుంచి.

"ఊరికే తిరగదు. కాస్త పైకెత్తి తిప్పాలి. నిన్ననే చెప్పాను కదా."

"ఎత్తాను. సగం నా చేతిలోకి వచ్చింది. మిగతా సగం తాళంలోనే ఉంది."

హారిస్ నిన్న సాయంత్రం ఆ ఇంట్లో అతిథిగా దిగాడు. తివాచీల వ్యాపారమని వచ్చినవాళ్ళ పుస్తకంలో రాశాడు. ఇవాళ పన్నెండు గంటలకి లీడ్స్‌లో ఆయన కూతురి పెళ్ళి. పదీ నలభై రైలు అందుకోవాలి. పెళ్ళి కోటు నడవలో కొక్కేనికి తగిలించి ఉంది. దాని గుండీ కంతలో తెల్ల గులాబీ కూడా పెట్టి ఉంది. ఆయన మాత్రం లోపల తువ్వాలుతో, సెల్‌ఫోనుతో ఉన్నాడు.

హిల్డా మొగుడు క్లిఫ్ నేలమాళిగ నుంచి పలుగు పట్టుకుని పైకొచ్చాడు. హిల్డా తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ముట్టుకున్నావంటే నీకు ఈ ఇంట్లో టీ ఇవాళ్టితో సరి," అంది.

క్లిఫ్ పలుగు దించాడు. కారణం ఆయనకీ తెలుసు. అది విక్టోరియా రాణి కాలపు ఇల్లు. యార్క్‌లో అలాంటి ఇళ్ళలో సొంతదారులు ఉండొచ్చు గానీ, దేన్నీ మార్చకూడదు. ఆ తాళం మార్చుకుంటామని హిల్డా రెండేళ్ళలో నాలుగు ఉత్తరాలు రాసింది. పాత కట్టడాల ఆఫీసు నుంచి నాలుగుసార్లూ ఒకటే జవాబు. తాళం 1874 నాటిది, తలుపూ 1874 నాటిదే, రెండూ ఉన్నచోటే ఉండాలి. నాలుగో జవాబులో ఇంకో ముక్క చేర్చారు. ముందుగా చెప్పకుండా మా మనిషి వచ్చి చూస్తాడు, తలుపు మీద గీత కనబడినా అతిథుల్ని పెట్టుకునే అనుమతి రద్దవుతుంది అని. వచ్చినవాళ్ళకి పడకా, పొద్దుటి ఫలహారమూ ఇవ్వడం తప్ప ఆ మొగుడూ పెళ్ళాలకి వేరే బతుకుతెరువు లేదు.

అప్పట్నుంచి దిగిన ప్రతి మనిషినీ హిల్డా ఓరకంట చూస్తూనే ఉంది. ఈ వారం అనుమానమంతా రెండో గది పెన్‌హేల్ మీద. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పలకరిస్తే తల ఊపుతాడు. మెట్ల కమ్మీని వేలితో తట్టి, వంగి, చెవి పెట్టి వింటాడు. ఇప్పుడాయన టోస్టు కొరుకుతూ మెట్ల మీద నిలబడి ఆ తలుపునే చూస్తున్నాడు.

క్లిఫ్ గొంతు తగ్గించి, ఫైరింజన్ వాళ్ళని పిలుద్దామా అన్నాడు.

"వద్దు," అంది హిల్డా.

"వద్దు," అన్నాడు లోపల్నుంచి హారిస్. "వాళ్ళు గొడ్డళ్ళు తెస్తారు."

తనకి కష్టమొచ్చినా ఇంటి గురించి ఆలోచిస్తున్నాడని హిల్డాకి ఆయన మీద గౌరవం కలిగింది. కిటికీ తెరిచి చూడమంది. రంగు మీద రంగు పడి అదెప్పుడో అతుక్కుపోయిందని హారిస్ చెప్పాడు. కిటికీ గురించి కూడా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం ఉంది.

తలుపు కింద రెండు వేళ్ళు పట్టేంత సందుంది. చలికాలం ఈ సందులోంచి గాలి కొడుతోందని హిల్డా ఒకసారి రాస్తే, ఆ సందు కూడా 1874 నాటిదేనని జవాబొచ్చింది. అందులోంచే ఆవిడ పాత పేపరు మీద రెండు టోస్టులూ, వేయించిన మాంసం ముక్కా లోపలికి తోసింది.

"గుడ్డు పట్టదండీ," అంది.

"ఫరవాలేదు," అన్నాడు హారిస్. కాసేపు నమిలిన చప్పుడు వినబడింది.

పెద్ద చర్చి గంట పది కొట్టింది. నమలడం ఆగిపోయింది.

"అమ్మా," అన్నాడు హారిస్. ఈసారి గొంతు వేరుగా ఉంది. "నాకు ఒక్కతే కూతురు. నా చెయ్యి పట్టుకుని చర్చిలోకి నడవాలని గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఏదో ఒకటి చెయ్యండి."

హిల్డా పెనం క్లిఫ్ చేతికిచ్చింది. చేతులు తుడుచుకుని తిన్నగా పెన్‌హేల్ దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, మీరెవరో నాకు మొదట్నుంచీ తెలుసు. తెలియనట్టు ఉన్నాను, అంతే. కాగితం వద్దు. నోటితో సరేననండి, తలుపు పగలగొడతాం."

పెన్‌హేల్ నోట్లోది మింగాడు. "నేను పళ్ళ డాక్టర్నమ్మా."

"మరి మా మెట్ల కమ్మీ ఎందుకు తడుతున్నారు?"

"పుచ్చింది."

హిల్డా కమ్మీ వంక చూసింది. దానికింకో ఉత్తరం రాయాలి.

ఉత్తరం అడుగున అది రాసిన ఆఫీసరు సెల్ నంబరు ఉందిగా, అదే చేసి చూడమని క్లిఫ్ గుర్తు చేశాడు. ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు. ఆఫీసులకి ఉత్తరమే మర్యాద అని ఆవిడ లెక్క. వంటింటి సొరుగులోంచి ఆ ఉత్తరం తెచ్చి, తలుపు దగ్గరే నిలబడి నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. లోపల హారిస్ గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు.

చివరికి అవతల ఎవరో ఎత్తారు. హిల్డా తన పేరూ, వీధి పేరూ చెప్పి, విరిగిన తాళంచెవీ, అతుక్కుపోయిన కిటికీ, తువ్వాలుతో ఉన్న పెద్దమనిషీ, లీడ్స్‌లో ఎదురుచూస్తున్న పెళ్ళికూతురూ, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

"ఆడపిల్ల తండ్రి అయ్యా. మీకూ పిల్లలుంటారు. పగలగొట్టుకోండని ఒక్క మాట అనండి."

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆ గొంతు హిల్డాకి ఒక చెవిలో ఫోన్లోంచీ, రెండో చెవిలో తలుపు వెనకనుంచీ వినబడింది.

"ముందు దరఖాస్తు మూడు ప్రతులు రాసి, తలుపు కిందనుంచి తోయండి."