హేమావతి రాయని జవాబులు

పాతకాలపు సినిమావాళ్లు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు సేకరించడం పానకాలరావుకు పిచ్చి. హాస్యనటుడు కోదండం గాయని హేమావతికి రాసినవన్నీ దొరికాయి గానీ, ఆవిడ జవాబు ఒక్కటీ దొరకలేదు. ఈ రోజుల్లో తాతల ఉత్తరాల్లో ఏది దొరక్కపోయినా జనం ఇంట్లో కృత్రిమ మేధ యంత్రం చేత రాయించేసుకుంటున్నారు. పానకాలరావూ ఆవిడ చేత్తో రాసిన పాత పాటల కాగితం ఒకటి దానికి చూపించి అదే చేసి, చూపించడానికి చెన్నైలో ఆవిడ ఇంటికి వెళ్లాడు.

హేమావతి కళ్లజోడు సర్దుకుని ఒక కాగితం చదివింది. ‘మీ ఉత్తరం కోసం రోజూ గుమ్మం వైపే చూస్తున్నాను’ అని ఉంది, అచ్చం ఆవిడ చేతిరాతలో.

“ఇవెక్కడివి బాబూ?”

“పోయిన మీ జవాబులమ్మా. యంత్రం మళ్లీ రాసిచ్చింది.”

“పోవడానికి నేను రాస్తే కదా! నలుగురూ ఏమనుకుంటారోనని ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఆయన మాత్రం పోయేదాకా రాస్తూనే ఉన్నారు.”

పానకాలరావుకు తల కొట్టేసినట్టయింది. “క్షమించండమ్మా, చింపేస్తాను,” అంటూ చెయ్యి చాపాడు.

ఆవిడ కాగితాలు వదల్లేదు. కళ్లు తుడుచుకుంది.

“వద్దు బాబూ. ఆయన ఉత్తరాల పక్కనే ఉంచు. ఆ యంత్రమైనా ఆయనకి జవాబిచ్చింది.”