పెట్టని కన్ను

ధర్మవరం వీధిలో మగ్గాల చప్పుడు ఆగిపోయాక, రాధిక కొత్త మానిటర్ తగిలించి, పోయిన నెల చనిపోయిన తండ్రి గీసిన చీర అంచు డిజైన్ తెరిచింది. అందులో నెమలికి కన్ను లేదు.

“కన్ను చివర్లో పెట్టాలమ్మా. ముందే పెడితే, పని చేసేవాళ్లనే చూస్తా కూచుంటాది” అనేవాడు నాయన గంగాధరప్ప. పెట్టకుండానే పోయాడు. పొద్దున్నే డిజైన్ మగ్గానికి ఎక్కాలి. ఆ కన్ను ఇప్పుడు తనే పెట్టాలి.

మానిటర్ అమ్మిన సంజయ్ ఫోన్లో చెప్పాడు. “రెజల్యూషన్ పెంచక్కా. రిఫ్రెష్ రేటు, అదే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చాలో అది, నూటనలభై నాలుగు పెట్టు. నచ్చకుంటే ఏమీ ముట్టుకోవద్దు. పదహైదు సెకన్లకు అదే పాతదానికి వచ్చేస్తాది.”

రెజల్యూషన్ పెంచగానే ఒక్కో పోగూ విడిగా కనిపించింది. నాయన భూతద్దం పట్టుకుని, కళ్లు నులుముకుంటూ గీసిన పోగులవి. ఈ తెర రెండేళ్ల ముందు కొనుంటే ఆయనా చూసేవాడు. దిగులుగానే రిఫ్రెష్ రేటు మార్చింది.

నెమలికి కన్ను ఉంది. అది ఒకసారి రెప్ప వేసింది.

రాధిక మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. ‘ఈ మార్పులు ఉంచాలా?’ అన్న ప్రశ్న పక్కన అంకెలు తగ్గుతున్నాయి. నాలుగు. మూడు. రెండు.

ఎవరూ ముట్టుకోని మౌస్ టిక్కుమంది.

ప్రశ్న మాయమైంది. కన్ను అలాగే ఉంది, ఆమెనే చూస్తూ.