అంపైరు సారు రింగు

"ఇదీ చెల్లదు," అంటూ సాఫ్ట్‌బాల్ అంపైరు చెన్నకేశవులు మూడో బ్యాటునూ పక్కన పడేశాడు. కొలత రింగులో దూరని బ్యాటు ఆటకు పనికిరాదు.

వెలిగండ్ల జట్టు కెప్టెన్ హరిచందన బిక్కమొహం వేసింది. "మొన్న ఒంగోలులో ఇవే దూరినాయి గదా సార్!"

"అక్కడ ఎవరు చూసినారో నాకు తెల్దమ్మా. ఇరవై ఏండ్లుగా నా చేతిలో ఇదే రింగు. పోయినేడు కురిచేడు పిల్లలను గూడా ఇట్లనే ఇంటికి పంపించినాను."

హరిచందన పరుగున పోయి ఎదుటి జట్టు మార్కాపురం వాళ్ళ బ్యాటు తెచ్చి ఇచ్చింది. అదీ ఇరుక్కుంది.

చెన్నకేశవులు రింగును ఎండకు ఎత్తి చూశాడు. లోపలి అంచున ఏదో పచ్చగా గట్టిపడి ఉంది. గోటితో గీకితే పసుపూ గంధమూ పెచ్చులుగా రాలాయి. ఏటా ఆయుధపూజకు భార్య రంగమ్మ పూస్తుంది. తుడిస్తే అపచారమని తానే తుడవనిచ్చేవాడు కాదు.

పొరలన్నీ గీకేశాక నాలుగు బ్యాట్లూ సర్రున దూరాయి.

"సార్," హరిచందన మెల్లగా అడిగింది, "మేము బ్యాటుకు ఏదన్నా పూసుకొనొస్తే ఏం చేస్తారు?"

"ఇంకేముంది, బయటికే!" అలవాటుగా గేటు వైపు వేలు చాచాడు చెన్నకేశవులు.

ఆ వేలి గోట్లో గంధం పచ్చగా ఉంది.